మూడు కిలోల హెడ్మాస్టర్

స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో నలభై రెండు మిషన్లు. అవన్నీ ఒక్కసారిగా ఆగేది రోజుకు మూడుసార్లే. రెండు టీలకు, ఒక భోజనానికి. మిషన్లు ఆగాయంటే నోళ్ళు మొదలైనట్టు. ఆ సమయానికి లైనులో ఎవరైనా కడుపుతో ఉంటే ఇక ఆమె పని అయిపోయిందే. అక్కడ తల్లులు కానివాళ్ళు వేళ్ళ మీద లెక్కకొస్తారు. తలా ఒక్క సలహా పడేసినా మూట మోయలేనంత అవుతుంది.

ఆ ఏడాది ఆ మూట కత్తెర నెత్తిన పడింది.

కత్తెర అంటే చెకింగ్ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి. లైను చివర కుట్టి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి, కుట్టు తప్పిందేమో చూసి, వేలాడే దారాలు కత్తిరించి పక్కకు తోసేయడం ఆమె పని. గంటకు తొంభై చొక్కాలు. నోరు కూడా అంతే పదును కాబట్టి ఆ పేరు ఎవరు పెట్టారో గాని అతుక్కుపోయింది. ఆ తొంభై చొక్కాలూ ఆమె ఒక్క కుడిచేత్తోనే చూస్తుందన్న సంగతి కొత్తగా చేరినవాళ్ళకు వారం దాకా తెలియదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ చున్నీ కిందే ఉంటుంది. ఎనిమిదో ఏట గోడ మీంచి పడితే మోచేతి కింద నరం తెగింది. మోచెయ్యి ముడుస్తుంది, చాపుతుంది. మణికట్టూ వేళ్ళూ మాత్రం కదలవు. ఎవరైనా అడిగితే, "మోచేతిదాకా నా మాట వింటుంది, ఆ కింద దాని ఇష్టం" అని నవ్వేసి మళ్ళీ చున్నీ కప్పేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అంతే.

ఏడో నెల నడుస్తోంది. టీ గంట కొట్టారు. సలహాలు మొదలయ్యాయి.

"ఎనిమిదో నెల రాగానే సంచులు సర్దేసుకో" అంది ఇస్త్రీ అక్క. ఆమెకు కవలలు, అందుకని ఏ విషయంలోనైనా తనకు రెట్టింపు అనుభవం ఉందని ఆమె నమ్మకం. "నీదొకటి, పిల్లదొకటి. ఆసుపత్రి కాగితాలు పైనే పెట్టు. అడుగున పెట్టావనుకో, నొప్పులు పడుతూ నువ్వే తవ్వుకోవాలి. మీ ఆయన్ని తవ్వమన్నావో, సంచి మొత్తం వార్డులో పరిచి కొట్టు పెడతాడు."

"కొత్తబట్ట ఏదీ ఉతక్కుండా వెయ్యకు" అంది కాజాల పిన్ని. బొత్తాలు దూరే కన్నాలు కుట్టే కాజాల మిషను ఆమెది. నలుగురు పిల్లల తల్లి, లైనులో అందరికంటే పెద్దది. "మెడ దగ్గర లేబుల్ కత్తిరించి పారెయ్. లేబుల్ ఎంత గరుకో మనకి ఒకళ్ళు చెప్పాలా?"

"పాలిచ్చే చోట నీళ్ళ సీసా పెట్టుకో. పిల్ల నోరు పెట్టిన నిమిషానికే నీకు దాహమేస్తుంది చూడు."

"రోజుకు ఎన్ని గుడ్డలు తడిపిందో లెక్కపెట్టుకో. పాలు దిగాక రోజుకి ఆరు తడిపితే కడుపు నిండుతున్నట్టే. ఏడ్చిందని కాదే, తడపలేదని భయపడాలి."

"చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళచేతా చేతులు కడిగించు. కోపమొస్తే రానీ. వాళ్ళ కోపానికి మందక్కర్లేదు, పిల్ల జ్వరానికి కావాలి."

మామూలుగా అయితే ఇలాంటి ప్రతి మాటకూ కత్తెర ఒక ఎదురు మాట విసిరేది. ఆ రోజు టీ చల్లారిపోతున్నా నోరు మెదపలేదు.

"ఏంటే, నోట్లో బొత్తాలు పోసుకున్నావా?" అంది పిన్ని.

"ఇవన్నీ నాకెందుకు చెప్తారు పిన్నీ? మా వదినకు చెప్పండి. పిల్లని తీసుకెళ్ళేది ఆవిడే."

పిన్ని చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది.

జరిగింది ఇదీ. ఆదివారం పొద్దున్న అత్తగారూ ఆడపడుచూ కలిసి వచ్చారు. అత్తగారు మంచం అంచున కూర్చుని, నాలుగు వారాలుగా మనసులో నానబెట్టుకున్న మాట ఒక్కసారి బయట పెట్టేశారు. పిల్ల పుట్టగానే ఏడాదిపాటు ఆడపడుచు ఇంట్లో పెరుగుతుంది.

"ఒక్క ఏడాదే అమ్మాయ్. మెడ నిలిచి, కూర్చుని, గోడ పట్టుకుని నిలబడ్డాక తెచ్చేసుకో. నీ పిల్ల నీ పిల్లే, ఎవరు కాదన్నారు?"

"పాలో అత్తయ్యా?"

"డబ్బా పాలతో పెరిగినవాళ్ళు లేరా? ఇదిగో, పసిగుడ్డంటే చొక్కా కాదు. చేతిలోంచి జారితే మళ్ళీ కుట్టుకోడానికుండదు. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు. నేనంటే నీకు కోపం రావచ్చు గానీ, నాకు నిద్ర పట్టట్లేదు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు, అదే చిక్కు. చెడ్డ మనిషైతే కత్తెర నాలుగు కడిగేసి ఊరుకునేది. భయపడే మనిషిని ఏమని కడుగుతాం?

ఆడపడుచు నేల చూపులు చూస్తూ, "నేనేమన్నా లాక్కుపోవాలని చూస్తున్నానా? నాకున్న ఇద్దరితోనే ఒళ్ళు హూనమైంది. అమ్మ బెంగ చూడలేక సరేనన్నాను" అంది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, తాము ఉండే బిల్డింగులో మాత్రం లిఫ్టు లేదు, మూడంతస్తులూ మెట్లే. ఆ పూట అతనే రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా అయ్యాడు. అమ్మ వైపుకీ వెళ్ళడు, పెళ్ళాం వైపుకీ రాడు.

కత్తెర ఆఖరికి అంది: "సరే అత్తయ్యా. పిల్ల పుట్టిన పదకొండో రోజు మీరిద్దరూ రండి. పొద్దున్న ఆరు నుంచి పన్నెండు దాకా పిల్లకి కావలసినవన్నీ నేనొక్కదాన్నే చేస్తా. మీ అబ్బాయి కూడా ఉండడు. మీరు చేతులు కట్టుకుని కూర్చోండి. ఒక్కసారి సాయమడిగినా, మీ చేత్తో మీరే తీసుకెళ్ళండి. అడక్కపోతే మాత్రం ఈ మాట మళ్ళీ ఇంట్లో వినపడకూడదు."

అత్తగారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. కోడలు పంతానికి పోతోందనీ, పదకొండో రోజు తనంతట తానే చెయ్యి చాపుతుందనీ ఆవిడ లెక్క. నిజం చెప్పాలంటే కత్తెర లెక్కా ఇంచుమించు అదే. మాటైతే అనేసింది. ఎలా చెయ్యాలో ఒక్క ముక్క తెలియదు.

ఇదంతా విన్నాక లైనంతా ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంది. ఆ షెడ్డులో మిషన్లూ నోళ్ళూ ఒకేసారి ఆగడం ఎవరూ ఎరగరు.

"ఇంతేనా? నేనింకా ఏ రోగమో వచ్చిందనుకున్నా. కుట్టేద్దాం" అంది కాజాల పిన్ని. బట్టలు కుట్టేవాళ్ళు కదా, ఏ కష్టమైనా గుడ్డ కోసి కుట్టేస్తే పోతుందనుకుంటారు.

భోజనాల వేళల్లో కూర్చుని, మిగిలిపోయిన మెత్తటి తెల్ల గుడ్డతో వారంలో ముప్పై జుబ్బాలు కుట్టారు. అరచేయంత చొక్కాలు, కాలరు కూడా పెట్టారు. కాలరు ఎందుకంటే ఎవరికీ తెలియదు, చేతులకు అలవాటైపోయింది. ఇస్త్రీ అక్క ముప్పైకీ మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. నీలం యూనిఫాం గుడ్డతో ఒక బొమ్మ కూడా తయారైంది. లోపల మూడు కిలోల బియ్యం. పసిపిల్లకు మెడ నిలవదని మెడ దగ్గర కావాలనే వదులుగా వదిలేశారు. ఎవరో మార్కింగు సుద్దతో కనుబొమలు గీస్తే ముఖం చిరాగ్గా తయారైంది. పుట్టకముందే యూనిఫాం, పైగా ఆ చిరాకు. వెంటనే దాని పేరు హెడ్మాస్టర్ అయిపోయింది.

"ఊఁ, హెడ్మాస్టరు గారికి చొక్కా మార్చు" అన్నారు.

కత్తెర బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి కుడిచేత్తో పై బొత్తం పట్టుకుంది. ఊడలేదు. బొటనవేలితో తోసింది. ఊడలేదు. నాలుగు నిమిషాలు కుస్తీ పట్టాక ఒక్కటి ఊడింది. ఈలోగా హెడ్మాస్టరు తల బల్ల అంచు దాటి కిందకి వేలాడుతోంది.

అందరూ కాజాల పిన్ని వైపు చూశారు. ఇరవై ఏళ్ళుగా ఆమె కాజాలు కొట్టేది బడిపిల్లల చొక్కాలకు. పిల్లలు లాగినా పీకినా బొత్తం ఊడకూడదన్నదే ఆ కాజా లక్షణం. అదే బిగువుతో, అదే ప్రేమతో, ముప్పై జుబ్బాలకూ కొట్టింది.

"నా కాజాలో తప్పేం లేదు" అంది పిన్ని మొండిగా. "నాకివ్వు, నేనూ ఒక చేత్తో తీసి చూపిస్తా." ఎడమ చేతిని కొలత టేపుతో నడుముకి కట్టించుకుని బొమ్మ ముందు కూర్చుంది. రెండో నిమిషానికి చెమట, మూడో నిమిషానికి తిట్లు, నాలుగో నిమిషానికి పళ్ళతో కొరకడం.

"పిన్నీ, పిల్లని కొరుకుతున్నావ్!"

ఇస్త్రీ అక్క కట్టించుకుంది. కుదర్లేదు. కవలల తల్లయితే ఏంటట? ఒకరి తర్వాత ఒకరు లైనంతా ఎడమచెయ్యి నడుముకి కట్టుకుని హెడ్మాస్టరు ముందు ఓడిపోయారు. కత్తెర నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. ఆదివారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నవ్వులు తగ్గాక పిన్ని టేపు విప్పుకుంటూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది: "అయినా మనమెప్పుడే రెండు చేతులతో పిల్లల్ని పెంచాం? చంకలో ఒకటి, పొయ్యి మీద ఒకటి. పిల్లనెత్తుకున్నాక మిగిలేది ఒక్క చెయ్యే కదా. నేను మూడోవాణ్ణి ఎత్తుకుని పెద్దదానికి జడ వేశాను. ఎలా వేశానో మాత్రం గుర్తు లేదు."

"గుర్తు తెచ్చుకో మరి!" అని కత్తెర అరిచింది.

ఆ రోజు నుంచి సలహాల రంగు మారింది. అంతకుముందు తల్లులు తమకు తెలిసింది చెప్పేవారు. ఇప్పుడు తమ చేతులు ఏం చేశాయో తవ్వి తీసి చెప్పసాగారు. రెండిటికీ చాలా తేడా ఉంది.

"నేను మంచం మీద ఎప్పుడూ మార్చలేదు. నేల మీదే. నేల మీంచి కింద పడేదెవరు?"

"మార్చే ముందే అన్నీ విప్పి పరిచి, వరసగా పెట్టుకునేదాన్ని. పిల్ల వచ్చాక వెతుక్కోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే."

"బొడ్డు ఊడేదాకా స్నానమే లేదు. తడిగుడ్డతో తుడవడమే. చెయ్యి జారుతుందన్న భయమే ఉండదు."

"ఏదీ ఆగకపోతే పిల్ల బరువునే వాడుకో. గుడ్డ కొంగు పిల్ల వీపు కింద తోశావంటే ఆ బరువే పిన్నీసు." ఇది పిన్ని చెప్పింది.

దూరం నుంచి చూస్తున్న సూపర్‌వైజరు ఆగలేకపోయాడు. అందరూ స్టాప్‌వాచ్ సార్ అంటారు అతన్ని. పెళ్ళి కాలేదు, పిల్లల గురించి ఓనమాలు తెలియవు. కానీ పనిని ముక్కలు చెయ్యడం తెలుసు. ఆ షెడ్డులో చొక్కా అంటే చొక్కా కాదు, ముప్పై నాలుగు ఆపరేషన్లు. కాలరు తిప్పడం ఒకటి, జేబు అతకడం ఒకటి, ఒక్కోదానికి ఇన్ని సెకన్లని లెక్క.

"న్యాపీ మార్చడం ఎన్ని ఆపరేషన్లు?" అని అడిగాడు.

ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. వాటిలో నిజంగా రెండు చేతులు కావలసినవి మూడే మూడు. బొత్తం తీసి పెట్టడం, న్యాపీ ముడి వెయ్యడం, పిల్లను నేల మీంచి లేపడం.

"పదకొండు ఇప్పటికే మీ చేతిలో ఉన్నాయి. మూడిటి కోసం ఏడాది ఇచ్చేస్తారా?" అన్నాడు సార్. అతను జీవితంలో అన్న మంచి మాట అదొక్కటేనని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

మొదటిది తేలిక. కాజాలు మూసేసి ప్రెస్ బటన్లు కుట్టారు. లాగితే ఊడుతుంది, వేలితో నొక్కితే పడుతుంది. కాలర్లూ పీకేశారు. రెండోదానికి ముళ్ళ బదులు అంటుకునే పట్టీ. స్కూలు బూట్లకు ఉంటుందే, అది.

మూడోదాని దగ్గర మూడు వారాలు ఆగిపోయారు. నేల మీద ఉన్న పిల్లను ఒక చేత్తో లేపాలి. తల కింద చెయ్యి పెడితే నడుము జారుతుంది, నడుము కింద పెడితే తల వాలుతుంది. జోలె కుట్టారు, పిల్ల అందులో ముద్దయిపోయి ముఖం కప్పుకుపోయేలా ఉంది. పిన్నికి భయమేసి ఆ జోలెను అక్కడికక్కడే కోసేసింది. హెడ్మాస్టరు రోజుకి ఇరవైసార్లు జారి పడుతున్నాడు. పడిన ప్రతిసారీ కత్తెర ముఖం పాలిపోతోంది. ఒకరోజు బొమ్మను బల్ల మీద పడేసి, "మా అత్తయ్య చెప్పిందే నిజం పిన్నీ. బియ్యం కాబట్టి సరిపోయింది" అని అటు తిరిగి కూర్చుంది.

ఇస్త్రీ అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆ చున్నీ తియ్."

"ఎందుకు?"

"తియ్యవే ముందు."

కత్తెర ఎడమ చేతిని అంతమందిలో ఎవరికీ చూపించి ఎరగదు. చిక్కిపోయిన మణికట్టు, లోపలికి ముడుచుకున్న వేళ్ళు. అక్క వాటి వైపు చూడనే లేదు. మోచెయ్యి పట్టుకుని మడిచింది, చాపింది, మళ్ళీ మడిచింది. "చొక్కా చెయ్యి ఇస్త్రీ చేసేటప్పుడు లోపల చెక్క దూరుస్తా కదా, అలా ఇది కూడా ఆనడానికి పనికొస్తుందేమో" అంది.

"ఈ చెయ్యి పట్టుకోదు. ఒప్పుకున్నాం. దిండు అవుతుందా?"

"అంటే?"

"నా ఇద్దరూ ఆరు నెలలు ఎక్కడ పడుకున్నారనుకున్నావ్? ఇక్కడ." తన మోచేతి మడత చూపించింది. "పసిపిల్ల తల ఉండేది మోచేతి మడతలోనే. వేళ్ళతో పనేముంది దానికి?"

కత్తెర నేల మీద బొమ్మ పక్కన ఒత్తిగిలి పడుకుంది. మడిచిన ఎడమ మోచేతిని బొమ్మ తల పక్కకు చేర్చి, కుడిచేత్తో బొమ్మను తన వైపు దొర్లించుకుంది. తల వచ్చి మడతలో పడింది. ముంజెయ్యి నడుము కిందకి చేరింది. కుడిచెయ్యి నేల మీద ఆనించి మెల్లగా లేచి కూర్చుంది. హెడ్మాస్టరు కదల్లేదు. జారలేదు. చిరాకు ముఖంతో హాయిగా పడుకున్నాడు.

ఇంకా గొప్ప సంగతి అప్పుడు తెలిసింది. కుడిచెయ్యి ఖాళీగా ఉంది.

పద్దెనిమిదేళ్ళు చున్నీ కింద దాక్కున్న చెయ్యి పని మొదలుపెట్టింది. స్టాప్‌వాచ్ సార్ టైము చూడటం మరిచిపోయాడు. పిన్ని ముక్కు చీదుతూ, "దుమ్ము, దుమ్ము పడింది" అంది. పోగులు ఎగిరే షెడ్డు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ పైన ఇంట్లో సాధన. మొగుడు ఎప్పుడు కదిలాడో గాని, కదిలాక ఆగలేదు. తిప్పే కుళాయి తీసేసి మోచేత్తో ఎత్తే కుళాయి పెట్టాడు. డబ్బాల బిగుతు మూతలు తీసేసి వదులువి పెట్టాడు. మంచం విప్పి గోడకు నిలబెట్టి, పరుపు నేల మీద వేశాడు. "నాకు మాట్లాడ్డం రాదు. బిగించడం వచ్చు" అన్నాడు, పానా చేతిలో పట్టుకుని. కత్తెర హెడ్మాస్టర్ని మోచేతిలో పెట్టుకుని, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, మూడంతస్తులు ఎక్కి దిగుతుంటే ఇరుగుపొరుగు తలుపులు తీసి చూసేవాళ్ళు.

"నెలలు నిండకుండానే పుట్టేసిందా?" అంది ఎదురింటావిడ.

"పుట్టాడు, బడికి కూడా వెళ్ళొస్తున్నాడు."

ఒకసారి అత్తగారు వచ్చి ఈ వైభోగమంతా చూసి పెదవి విరిచారు. "బియ్యం ఏడవదు అమ్మాయ్. కాళ్ళు తన్నదు. ఉచ్చ పొయ్యదు."

ఆ మాట నిజం.

డాక్టరు చెప్పిన తేదీకి పది రోజుల ముందు, పొద్దున్న పదకొండు గంటలకు, చెకింగ్ బల్ల దగ్గరే ఉమ్మనీరు పోయింది. "సంచి తలుపు దగ్గర కాదు, నువ్వెక్కడుంటే అక్కడుండాలి" అని పిన్ని పోరగా పోరగా రెండు సంచులూ బల్ల కిందే ఉన్నాయి. కాగితాలు పైనే ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు.

"హెడ్మాస్టరు కంటే వంద గ్రాములు తక్కువ. తేలికే" అంది కత్తెర నర్సుతో. నర్సుకి ఏమీ అర్థం కాలేదు.

పదకొండో రోజు ఆరింటికి ముందే అత్తగారూ ఆడపడుచూ దిగారు. ఆడపడుచు చేతిలో పెద్ద సంచి ఉంది, అందులో పాలసీసాలు, చిన్న దుప్పట్లు. మొగుణ్ణి బయటికి పంపేశారు. అతను మెట్ల మీదే కూర్చున్నాడని అందరికీ తెలుసు. అత్తగారు కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మొదటి రెండు గంటలూ సాఫీగా వెళ్ళిపోయాయి. తుడవడం, చొక్కా మార్చడం, పాలు పట్టడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం. పాలిస్తూ కుడిచేత్తో నీళ్ళసీసా ఎత్తి గటగటా తాగుతుంటే ఆడపడుచు నోరు తెరుచుకుని చూసింది. అత్తగారు మాత్రం గడియారం వైపే చూస్తున్నారు.

తొమ్మిదింటికి అసలు పరీక్ష వచ్చింది. పిల్ల తాగిన పాలన్నీ కక్కింది. చొక్కా, పక్కగుడ్డ, కత్తెర భుజం అన్నీ తడిసిపోయాయి. దాని వెనకే న్యాపీ కూడా నిండింది. పిల్ల గుక్కపట్టింది. బియ్యానికి లేని కాళ్ళు రెండూ గాల్లో సైకిలు తొక్కుతున్నాయి. కత్తెర నేల మీద పడుకోబెట్టి పక్కకు తిప్పి నోరు తుడిచింది. ప్రెస్ బటన్లు టపటపా లాగేసింది. కొత్త న్యాపీ పరిచి అంటుకునే పట్టీ నొక్కింది. పట్టీ అంటుకోలేదు. మళ్ళీ నొక్కింది. ఊడొచ్చింది. పది రోజుల ఉతుకుల్లో పట్టీ నిండా పోగులు ఇరుక్కుపోయాయి. ఇంకో న్యాపీ తీసింది. అదీ అంతే. రోజుకి వందల చొక్కాల దారాలు కత్తిరించే మనిషి తన న్యాపీల పోగులు చూసుకోలేదు!

పిల్ల ఏడుపు పైస్థాయికి వెళ్ళింది. ఆడపడుచు లేచి నిలబడింది. అత్తగారి కట్టుకున్న చేతులు విడిపోయాయి. "అమ్మాయ్..."

"కూర్చోండి అత్తయ్యా" అంది కత్తెర, తల ఎత్తకుండా. "నేను పిలవలేదు."

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ముప్పై జుబ్బాలు, పద్నాలుగు ఆపరేషన్లు, కుళాయిలూ మూతలూ అన్నీ ఆ రెండు అంగుళాల పట్టీ దగ్గర కొట్టుకుపోయేలా ఉన్నాయి. అప్పుడు పిన్ని గొంతు చెవిలో మోగింది. ఆ బరువే పిన్నీసు.

న్యాపీ పక్కన పడేసి, పెద్ద మెత్తటి తువ్వాలు తీసి మూల నుంచి మూలకు మడిచింది. పిల్లను దాని మీదకి దొర్లించింది. ఒక మూల కాళ్ళ మధ్యనుంచి తెచ్చింది, కుడి మూల పొట్ట మీదుగా తెచ్చి వీపు కింద తోసింది. పిల్లను అటు దొర్లించి రెండో మూల ఇటు తోసింది. ముడి లేదు, బొత్తం లేదు, పట్టీ లేదు. పిల్ల తన బరువుతో తన బట్ట తానే పట్టుకుంది. కత్తెర ఒత్తిగిలి, మోచెయ్యి మడిచి, పిల్లను తన వైపు దొర్లించుకుంది. తల మడతలో పడింది. లేచి కూర్చుంది. ఏడుపు రెండు వెక్కిళ్ళయి, ఒక నిట్టూర్పయి, ఆగిపోయింది.



"అలా ఎలా చుట్టావే? మళ్ళీ చెయ్" అంది ఆడపడుచు.

"ఇప్పుడా? లేపితే నువ్వు ఆడిస్తావా వదినా?"

పన్నెండు కొట్టగానే అత్తగారు కుర్చీలోంచి లేచి చేతులు కడుక్కుని వచ్చారు. "ఇటివ్వు. ఇప్పుడు నువ్వు సాయం అడిగినట్టు కాదు. నేనడుగుతున్నా." పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి ముఖం చూసుకున్నారు. చూస్తుండగా కళ్ళజోడు ముక్కు మీదకి జారింది. పైకి తోసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తల ఎగరేశారు. ఇంకా జారింది.

"అమ్మాయ్, కాస్త ఈ కళ్ళజోడు..."

"సాయం అడిగారు అత్తయ్యా!"

కత్తెర కుడిచేత్తో కళ్ళజోడు సర్దింది. ముందు ఆడపడుచు నవ్వింది. తర్వాత అత్తగారు. నవ్వులు విని మెట్ల మీంచి మొగుడు తలుపు నెట్టుకొచ్చాడు, ఏం జరిగిందో తెలియకుండానే అతనూ నవ్వాడు.

"పనికిమాలిన నా నోరు. నలుగుర్ని పెంచినదాన్ని, ఒక్క చేత్తో పెంచానన్న సంగతే మరిచిపోయాను" అన్నారు అత్తగారు. కోడలి ఎడమ మోచేతిని, చున్నీ లేని ఆ మోచేతిని, వేలితో మెల్లగా తట్టారు. ఆవిడకు చేతనైన క్షమాపణ అదే.

ఆడపడుచు సంచిలోంచి దుప్పట్లు తీసి అక్కడే పెట్టేసింది. పాలసీసాలు మాత్రం వెనక్కి తీసుకెళ్ళింది. "వీటితో ఇక్కడ పనేముంది?"

అందరికీ ఒక్కసారి ఆకలి గుర్తొచ్చింది. బియ్యం డబ్బా చూస్తే అడుగు కనిపిస్తోంది. అత్తగారు గది నాలుగు వైపులా చూశారు. మూలన గోడకు ఆనుకుని, చెరిగిపోయిన కనుబొమలతో, హెడ్మాస్టరు కూర్చున్నాడు.

"వీడికింక ఉద్యోగం లేదుగా?" అంటూ అత్తగారు, కత్తెర వాడే దారాల కట్టరు తీసుకుని బొమ్మ వీపు కుట్లు పరపరా కోసేశారు. మూడు కిలోల బియ్యం పళ్ళెంలోకి జలజలా రాలింది.

షెడ్డు నుంచి పిన్నీ, ఇస్త్రీ అక్కా భోజనం గంటకే పరుగెత్తుకొచ్చారు. తలుపు తీసింది అత్తగారు.

"రండమ్మా. మీరేనా బొత్తాలు కొరికిన వాళ్ళు? చేతులు కడుక్కోండి ముందు, తర్వాతే పిల్ల" అన్నారు.

మూడు నెలలకు కత్తెర బల్ల దగ్గరకు తిరిగొచ్చింది. పగలు పిల్లను చూసేది అత్తగారే. నేల మీదే మార్చాలనీ, తువ్వాలు ఇలా చుట్టాలనీ ఆ వీధిలో కడుపుతో ఉన్న ప్రతివాళ్ళనూ ఆపి ఆవిడే పాఠం చెబుతున్నారట, తనే కనిపెట్టినట్టు. లైనులో కొత్తగా ఒక అమ్మాయికి ఆరో నెల. రెండు చేతులూ నిక్షేపంలా ఉన్నాయి.

టీ గంట కొట్టగానే కాజాల పిన్ని కొలత టేపు పట్టుకుని లేచింది. "ఏదీ, ఎడమ చెయ్యి ఇటు పెట్టు."

"ఎందుకు పిన్నీ?" అంది ఆ అమ్మాయి బెదురుతూ.

బల్ల అవతల నుంచి కత్తెర, మోచేతి మడతలో కొత్త నీలం బొమ్మను ఆడిస్తూ వచ్చింది. "కట్టించుకో. హెడ్మాస్టరు గారు ఎదురు చూస్తున్నారు."